పిల్లలు నాటకానికి రానంటే ఏం చేయాలి? హైదరాబాద్ ట్రిప్పులో పద్యనాటకం చూపించడానికి పూర్తి గైడ్

సెలవులకు హైదరాబాద్ వచ్చే చుట్టాల లిస్టు ఎప్పుడూ ఒకటే. చార్మినార్, గోల్కొండ, జూ పార్కు, ఫిల్మ్ సిటీ, ఒక మాల్, బిర్యానీ. అన్నీ చూడాల్సినవే. ఆ లిస్టులో ఒక్క సాయంత్రం నాటకానికి కూడా పెట్టమని నేను వచ్చినవాళ్ళందరికీ చెబుతుంటాను, చెప్పగానే వచ్చే జవాబు కూడా నాకు తెలుసు: "మాకు ఇష్టమేనండీ, మా పిల్లలే రారు, వాళ్ళకి పద్యాలంటే పడదు." పదమూడు నుంచి పద్దెనిమిదేళ్ళ మధ్య పిల్లలున్న ఏ ఇంటివాళ్ళను అడిగినా ఇదే మాట.

నా అభిప్రాయం నేరుగా చెప్పేస్తాను. ఆ పిల్లలకు పడనిది పద్యం కాదు, పద్యానికి ముందు మనం పీకే క్లాసు. "ఇది మన సంస్కృతి, కదలకుండా కూర్చుని చూడు" అంటే పెద్దవాళ్ళకే చిరాకేస్తుంది. పైగా తెలుగు పద్యనాటకం కదలకుండా కూర్చుని చూసేది కానే కాదు. పద్యం అదిరితే జనం "వన్స్ మోర్" అని కేకలు వేస్తారు, నటుడు వెనక్కి తిరిగి అదే పద్యం మళ్ళీ ఎత్తుకుంటాడు. రాగం సాగుతుంటే మధ్యలో చప్పట్లు పడతాయి, ఈలలు పడతాయి. అంటే అక్కడ ప్రేక్షకుడికి ఒక పని ఉంది. ఆ పని ముందే నేర్పి తీసుకెళ్తే పిల్లలు కూర్చుంటారు. కింద చెప్పేవన్నీ ఆ పని నేర్పడానికే.

ముందు నాటకం తేదీ, ఆ తర్వాతే రైలు టికెట్లు

అందరూ ముందు రైలో బస్సో బుక్ చేసుకుని, ఇక్కడికొచ్చాక "ఈ రోజు ఏదైనా నాటకం ఉందా" అని వెతుకుతారు. సినిమాలాగా రోజూ నాలుగు ఆటలు ఉండవు కదా. అందుకే ట్రిప్పును నాటకం చుట్టూ అల్లుకోండి. చూడాల్సిన హాళ్ళు కొన్నే: సైఫాబాద్‌లో అసెంబ్లీ పక్కనే ఉండే రవీంద్రభారతి (టాగోర్ శతజయంతి సందర్భంగా 1961లో వచ్చింది), చిక్కడపల్లిలో త్యాగరాయ గానసభ, పబ్లిక్ గార్డెన్స్‌లో తెలుగు విశ్వవిద్యాలయం ఆడిటోరియం, మాదాపూర్ శిల్పారామం. తెలుగు దినపత్రికల హైదరాబాద్ పేజీల్లో ఆ రోజు నగరంలో జరిగే కార్యక్రమాలకు చిన్న కాలమ్ వేస్తారు, అది రోజూ చూసే చుట్టం ఒకరు ఇక్కడ ఉంటే మీ పని సగం అయిపోయినట్టే. ఏప్రిల్ 16 కందుకూరి వీరేశలింగం జయంతి, దాన్నే తెలుగు నాటకరంగ దినోత్సవంగా జరుపుతారు, ఆ చుట్టుపక్కల రోజుల్లో ప్రదర్శనలు దొరికే అవకాశం ఎక్కువ. అప్పటికి ఇంటర్ పరీక్షలు కూడా అయిపోయి ఉంటాయి కాబట్టి పిల్లలకూ టెన్షన్ ఉండదు.

ఫోన్ చేసి రెండు సంగతులు తప్పకుండా కనుక్కోండి. ఒకటి, ఆ రోజు ఆడేది పూర్తి నాటకమా, గంటసేపుండే నాటికా, ఏకపాత్రాభినయమా, లేక పద్యాల కచేరీనా? పోస్టర్ మీద కృష్ణుడి బొమ్మ ఉన్నంత మాత్రాన నాటకం అనుకోవద్దు. కచేరీలో కథ ఉండదు, మొదటిసారి వచ్చే పిల్లలు దాన్ని పట్టుకోలేరు. రెండోది, అసలు నాటకం ఎన్నింటికి మొదలవుతుంది? ఆహ్వానంలో సాయంత్రం ఆరు అని ఉంటుంది, ఆరు గంటలకు జ్యోతి ప్రజ్వలన, ఆ తర్వాత ముఖ్య అతిథి, విశిష్ట అతిథి, గౌరవ అతిథి, శాలువాలు, జ్ఞాపికలు. పిల్లల ఓపికంతా ఆ గంటలోనే హరించుకుపోతుంది, తెర లేచేసరికి వాళ్ళ మనసు హాల్లో ఉండదు. నిర్వాహకుల్ని మర్యాదగా అడిగితే "పరదా ఏడుంబావుకి లేస్తుందమ్మా" అని వాళ్ళే చెబుతారు. దానికి ఇరవై నిమిషాల ముందు లోపలికి వెళ్ళండి. ఇలాంటి సభలకు చాలావరకు ప్రవేశం ఉచితం కాబట్టి సీటు నంబర్ల గొడవ ఉండదు.

ఏ పిల్లకి ఏ నాటకం

ఇక్కడ కాస్త ఎక్కువ ఆలోచించండి, ఎందుకంటే మొదటి నాటకం తప్పితే రెండోసారి తీసుకురావడం చాలా కష్టం.

పన్నెండు, పదమూడేళ్ళవాళ్ళకి, అసలు నాటకమంటే ఏమిటో తెలియనివాళ్ళకి, సురభి నాటకం దొరికితే ఇంకేం చూడకండి, అదే. మాయాబజార్ అయితే మరీ మంచిది. సురభి కథ కూడా పిల్లలకు చెప్పాల్సిందే. తోలుబొమ్మలాట ఆడే కుటుంబాలు 1885లో కడప జిల్లా సురభి అనే ఊళ్ళో కీచకవధ నాటకం వేశాయి, ఆ ఊరి పేరే వాళ్ళకు నిలిచిపోయింది. వనారస గోవిందరావు దానికి మూలపురుషుడు. తరాల తరబడి కుటుంబం మొత్తం స్టేజీ మీదే బతికింది, పిల్లలు ఊహ తెలియక ముందే బాలకృష్ణుడిగానో లోహితాస్యుడిగానో వేషం కట్టారు. ఆ కుటుంబాల్లో చాలామంది ఉండేది మన హైదరాబాద్‌లోనే, శేరిలింగంపల్లి సురభి కాలనీలో. బాబ్జీ అని అందరూ పిలిచే సురభి నాగేశ్వరరావు గారికి 2013లో పద్మశ్రీ వచ్చింది. "నీ వయసు పిల్లలు స్కూలుకి వెళ్ళొచ్చి సాయంత్రం ముఖానికి రంగేసుకునేవాళ్ళు" అని చెప్పి చూడండి, వాళ్ళ ముఖంలో తేడా మీకే తెలుస్తుంది.

సురభి పట్టు అంతా ట్రిక్కుల్లో ఉంది. మా అక్క కొడుకు తొమ్మిదో తరగతిలో ఉండగా మాయాబజార్‌కి తీసుకెళ్ళాను. హుడీ టోపీ ముఖం మీదకు లాక్కుని, ఫోన్ ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. అభిమన్యుడి బాణం ఇటు నుంచి, ఎదుటివాడి బాణం అటు నుంచి గాల్లో మెల్లగా బయల్దేరి స్టేజీ మధ్యలో ఢీకొని నిప్పురవ్వలు రాలాయి. టోపీ వెనక్కి తోసేసి "పిన్నీ, అది వైరే కదా?" అన్నాడు. నేను అవుననలేదు, కాదనలేదు, "కనిపెట్టు" అన్నాను. ఆ తర్వాత అరగంట వాడి కళ్ళు స్టేజీ పైభాగం వదల్లేదు, నారదుడు మబ్బుల్లోంచి దిగినప్పుడు తీగ ఎక్కడుందో, పరదా చుట్టుకుపోతుంటే తాడు ఎవరు లాగుతున్నారో వెతికాడు. ఘటోత్కచుడు వచ్చేసరికి తీగల సంగతే మర్చిపోయి నవ్వుతున్నాడు. కంప్యూటర్ గ్రాఫిక్స్ చూసి పెరిగిన పిల్లలకు ఇది పాతకాలపు వ్యవహారంలా అనిపిస్తుందేమోనని పెద్దవాళ్ళు భయపడతారు. నిజానికి వాళ్ళకే ఇది ఎక్కువ పడుతుంది, ఎందుకంటే తెరమీద ఏదైనా చేయొచ్చని వాళ్ళకు తెలుసు, కళ్ళెదుట మనుషులు తాళ్ళతో, గుడ్డ పరదాలతో అది చేయడమే వాళ్ళు చూడలేదు.

వాదించే పిల్లలు, ప్రతిదానికీ "ఎందుకు" అనే పిల్లలు ఉంటే తిరుపతి వేంకట కవుల పాండవోద్యోగ విజయాలు. ఊళ్ళల్లో దీన్నే కురుక్షేత్రం అని ఆడతారు. అందులో శయన దృశ్యం, రాయబారం రెండు సీన్లున్నా చాలు. దీని గురించి కింద విడిగా రాస్తాను.

పదహారు దాటినవాళ్ళకు, ముఖ్యంగా ఆడపిల్లలకు, కన్యాశుల్కం. గురజాడ దీన్ని మొదట 1892లో విజయనగరంలో ఆడించారు, 1897లో అచ్చయింది, బాగా పెంచి తిరగరాసిన రూపం 1909లో వచ్చింది. మొత్తం నాటకం ఒక సాయంత్రంలో ఇమడదు, కుదించినవే ఆడతారు, అదీ మంచిదే. ముందు కథ చెప్పకండి, ఒక లెక్క చెప్పండి. కన్యాశుల్కం అంటే డబ్బు తీసుకుని ఆడపిల్లను పెళ్ళికి ఇవ్వడం. విశాఖపట్నం జిల్లాలో మూడేళ్ళలో జరిగిన అలాంటి పెళ్ళిళ్ళ లెక్క తీయిస్తే 1034 తేలాయని, అందులో అయిదేళ్ళ వయసుకే పెళ్ళయిన పిల్లలు 99 మంది, ఏడాది వయసువాళ్ళు ముగ్గురు ఉన్నారని గురజాడ తన ముందుమాటలోనే రాశారు. ఈ లెక్క విన్న పదహారేళ్ళ అమ్మాయి గిరీశం జోకులకు నవ్వుతూనే ఆ నవ్వు వెనక ఏముందో చూస్తుంది. భాష కూడా అడ్డం కాదు, అది మనుషులు మాట్లాడే తెలుగులోనే ఉంది, మధ్యమధ్య గిరీశం ఇంగ్లీషు కూడా దంచుతాడు.

హరిశ్చంద్ర మొదటిసారికి వద్దు. బలిజేపల్లి లక్ష్మీకాంతం గారి నాటకం నాకు ప్రాణం, కాటిసీనులో జాషువా గారి శ్మశానవాటిక పద్యాలు వింటే ఇప్పటికీ ఒళ్ళు జలదరిస్తుంది. కానీ కష్టం మీద కష్టం వచ్చే కథ, సాగదీసి పాడే పద్యాలు, అలవాటు లేని పిల్లలకు బరువు. రెండో ఏడాదికి దాచుకోండి. కవిత్వం రాసుకునే పిల్లలున్న ఇల్లయితే మాత్రం వెంటనే చూపించండి, ఆ పద్యాలు వాళ్ళకే అందుతాయి.

తెలుగు బొత్తిగా రాని పిల్లలు, బెంగళూరులోనో బయటి దేశంలోనో పెరిగినవాళ్ళు ఉంటే సురభి ఒకటే దారి అనుకోవద్దు. బంజారాహిల్స్ లామకాన్‌లో ఇంగ్లీషు, హిందీ, ఉర్దూ నాటకాలు చిన్న ఆవరణలో, నటుల్ని చేయి చాచి తాకేంత దగ్గరగా ఆడతారు. ఖాదర్ అలీ బేగ్ నాటకోత్సవం కూడా హైదరాబాద్‌దే. అక్కడ రుచి తగిలితే తర్వాత పద్యనాటకానికి రావడం తేలిక.

ఇంట్లో చేయాల్సింది: ఒక ప్రశ్న, ఒక పద్యం

రైలెక్కే ముందు ఈ రెండే చేయండి. కవుల చరిత్రలు, నాటకరంగ ఆవిర్భావ వికాసాలు ఏవీ వద్దు.

ప్రశ్న ఇది. అన్నం తినేటప్పుడు మామూలుగా అడగండి: "నీకు యుద్ధం వచ్చింది. సాయం కోసం ఒకడి దగ్గరికి వెళ్ళావు. వాడు రెండిట్లో ఒకటి కోరుకోమన్నాడు. ఒకవైపు పెద్ద సైన్యం మొత్తం. ఇంకోవైపు వాడొక్కడే, అదీ ఆయుధం పట్టడు, యుద్ధం చేయడు. ఏది తీసుకుంటావు?" పేర్లు చెప్పకండి. ఎక్కువమంది పిల్లలు సైన్యమే అంటారు, అనాలి కూడా, తెలివైన జవాబు అదే. ఇంకొంచెం లాగండి: "వాడు నిద్రపోతున్నాడు. నువ్వు ముందొచ్చావు, తల దగ్గర కూర్చున్నావు. నీ పోటీవాడు తర్వాతొచ్చి కాళ్ళ దగ్గర కూర్చున్నాడు. లేవగానే వాడికి ముందు కనిపించింది రెండోవాడు. మొదటి ఛాన్సు ఎవరిది?" ఇక్కడ అన్నాచెల్లెళ్ళ మధ్య గొడవ మొదలవుతుంది. మొదలవనివ్వండి. దుర్యోధనుడి పక్షాన వాదించేవాళ్ళు ఒకరైనా ఉంటారు, వాళ్ళను ఆపకండి, వాళ్ళే రేపు హాల్లో అందరికంటే శ్రద్ధగా చూసేది. శయన దృశ్యం అంతా ఈ ప్రశ్నే. కృష్ణుడు కళ్ళు తెరిచి ముందు అర్జునుణ్ణి పలకరించి, తర్వాత తల తిప్పి దుర్యోధనుణ్ణి "బావా ఎప్పుడు వచ్చితీవు" అంటాడు చూడండి, అక్కడ మీ పిల్ల "అరే, ముందొచ్చింది ఇతనే కదా" అని మీ చెవిలో గొణిగితే మీ ప్రయత్నం ఫలించినట్టే.

ఇక పద్యం. ఒక్కటంటే ఒక్కటి ఎంచుకోండి. నా మాట వింటే రాయబారంలో పాండవుల తరఫున వచ్చిన కృష్ణుడు కౌరవ సభలో చెప్పే "చెల్లియో చెల్లకో". ముందు రాగం లేకుండా, అర్థం మామూలు మాటల్లో చెప్పండి. "మీరు చేసిన తప్పులన్నీ వాళ్ళు ఓర్చుకున్నారు. అయిందేదో అయింది. ఇప్పుడు రాజీకి నన్ను పంపారు. నీ పిల్లాపాపలు, ప్రజలు బాగుండేలా పొత్తు కుదుర్చుకుంటావా, రేపే యుద్ధం తెచ్చుకుంటావా? తేల్చి చెప్పు." ఇదీ సంగతి. ఒక సభలో, శత్రువు ఇంట్లో నిలబడి, గొంతు పెంచకుండా ఇచ్చే ఆఖరి హెచ్చరిక ఇది. పిల్లలకు ఇది పాఠంలోని పద్యంలా కాకుండా ఒక మనిషి మాటలా వినపడటం ముఖ్యం.

అర్థం తెలిశాక ఒకసారి చదివించండి, పాడక్కర్లేదు. ఇది ఉత్పలమాల, పాదానికి 20 అక్షరాలు, నాలుగు పాదాలకి 80. పెద్దపిల్లలైతే వేళ్ళ మీద గురువు, లఘువు లెక్కపెట్టించండి, స్కూల్లో మార్కుల కోసం చేసిన గణవిభజన ఇక్కడ వేరేగా పనికొస్తుంది: ఆ కొలత చెడకుండా, ఊపిరి తెగకుండా, హార్మోనియం శ్రుతి దాటకుండా, కోపం, జాలి, బెదిరింపు మూడూ పలికించాలి నటుడు. ఆ తర్వాతే యూట్యూబ్‌లో ఇద్దరు ముగ్గురు నటులు పాడినవి వినిపించండి. షణ్ముఖి ఆంజనేయ రాజు, పీసపాటి నరసింహమూర్తి, ఏవీ సుబ్బారావు ఇలాంటివాళ్ళ కృష్ణుళ్ళంటే పాతవాళ్ళు ఇప్పటికీ కొట్టుకుంటారు. ఒకే పద్యాన్ని ఒకరు ఎక్కడ ఆపారు, ఇంకొకరు ఏ మాట మీద రాగం తీశారు అని పిల్లల్నే చెప్పమనండి. ఎవరు బాగా పాడారో వాళ్ళే తేల్చుకోవాలి, మీ ఓటు చివరన వేయండి. ఇంట్లో తాతయ్య ఉంటే, ఆయనకి పద్యం వస్తే, ఈ పని మీకంటే ఆయనే బాగా చేస్తారు, మీరు పక్కకి తప్పుకోండి.

పదిహేను, ఇరవై నిమిషాలు మించనివ్వకండి. ఇంకా కావాలని వాళ్ళు అడిగే లోపు ఆపేయడం మంచిది.

ఒప్పందం

పిల్లలతో బేరం ముందే తేల్చుకోండి. "ఇంటర్వెల్ దాకా కూర్చో. అప్పటికీ నచ్చకపోతే లేచిపోదాం, ఎవరూ ఏమీ అనరు." ఇది ఊరికే చెప్పే మాట అయితే వద్దు. నచ్చలేదంటే నిజంగా లేచి రావాలి, ముఖం మాడ్చుకోకూడదు, దారిలో దెప్పకూడదు. మీరు మాట మీద నిలబడతారని తెలిస్తేనే వచ్చే ఏడాది మళ్ళీ వస్తారు. వెళ్ళిపోయే హక్కు ఉన్న పిల్లలు తప్పించుకునే దారి వెతుక్కోరు, స్టేజీ వైపు చూస్తారు.

ఆ రోజు పగలు: ఊరినే వాడుకోండి

హైదరాబాద్‌లో ఒక సౌకర్యం ఉంది, పగలు చూసే చోట్లే సాయంత్రం నాటకానికి తయారు చేస్తాయి.

పొద్దున్నే గోల్కొండ. ఫతే దర్వాజా దగ్గర గుమ్మటం కింద నిలబడి చప్పట్లు కొడితే దాదాపు కిలోమీటరు దూరంలో, కొండ పైన బాలా హిసార్ దగ్గర వినపడుతుందని గైడు చెబుతాడు, అందరూ నలుగురితో పాటు చప్పట్లు కొట్టి వెళ్ళిపోతారు. మీరు అలా వదిలేయకండి. ఒకరిని పైకి పంపండి, ఒకరు కింద ఉండండి, ఫోన్‌లో మాట్లాడుకుంటూ ఎప్పుడు కొట్టారో, ఎప్పుడు వినపడిందో చూసుకోండి. మైకు లేని రోజుల్లో గొంతు ఎంత దూరం వెళ్ళాలి అనే విషయం అక్కడే ఎత్తొచ్చు: ఆనాటి నటులు పెట్రోమాక్స్ లైట్ల కింద ఆఖరి వరసకి పద్యం వినిపించాలి, అందుకే ఆ ఎత్తుగడ, ఆ సాగదీత. మనకు ఇప్పుడు అతిగా అనిపించేది అప్పటి అవసరం.

అదే కోటలో రామదాసు బందిఖానా ఉంది. కంచెర్ల గోపన్నను తానీషా బంధించిన చోటు. ఆ కథ పద్యనాటకంగా ఊరూరా ఆడిందే. కూచిపూడి భాగవతుల ఆట చూసి మెచ్చుకుని ఆ ఊరిని వాళ్ళకు ఇచ్చింది కూడా ఈ తానీషాయే అని చెబుతారు. ఒకరిని జైల్లో పెట్టినవాడు, ఇంకొకరికి ఊరే ఇచ్చినవాడు ఒకడేనా అని పిల్లలు అడుగుతారు. అడగనివ్వండి, మీ దగ్గర జవాబు ఉండక్కర్లేదు.

మధ్యాహ్నం సాలార్‌జంగ్ మ్యూజియం, శుక్రవారం మాత్రం సెలవు. అక్కడ రెండు చోట్ల ఆగండి. ఒకటి సంగీత గడియారం, గంట కొట్టే వేళకి జనం బెంచీల మీద చేరి ఎదురుచూస్తారు, చిన్న తలుపు తెరుచుకుని గడ్డపు బొమ్మ బయటికి వచ్చి గంట కొట్టి లోపలికి వెళ్ళిపోతుంది. అంత చిన్న బొమ్మ కోసం అంతమంది ఊపిరి బిగబట్టి చూడటమే అక్కడ చూడాల్సింది, పిల్లల్ని జనం ముఖాలు చూడమనండి. ఇంకొకటి ఒకే కొయ్య దుంగలో చెక్కిన జంట బొమ్మ. ముందు నుంచి చూస్తే పొగరుగా నిలబడ్డ మెఫిస్టోఫిలిస్, వెనక అద్దంలో చూస్తే తల వంచుకున్న మార్గరెట్టా. ఇద్దరూ జర్మన్ కవి గేటే రాసిన ఫౌస్ట్ నాటకంలో పాత్రలు. దెయ్యం, అమాయకురాలు ఒకే చెక్కలో. నాటకం అనే మాట ఎత్తకుండానే పాత్ర అంటే ఏమిటో అక్కడ అర్థమవుతుంది.

సాలార్‌జంగ్ నుంచి ఆటోలో ఎంజీబీఎస్ (మహాత్మాగాంధీ బస్ స్టేషన్), అక్కడి నుంచి మెట్రో రెడ్ లైన్‌లో అసెంబ్లీ స్టేషన్, దిగితే రవీంద్రభారతి దగ్గరే. సాయంత్రం ట్రాఫిక్‌లో కారు తీయకండి. నాటకానికి ముందే కడుపు నిండా తినిపించండి, లక్డీకాపూల్, రెడ్‌హిల్స్ వైపు ఇరానీ చాయ్, ఉస్మానియా బిస్కెట్లు, దోసెలు అన్నీ దొరుకుతాయి. ఆకలితో ఉన్న పిల్లకు కృష్ణుడు కూడా నచ్చడు.

హాల్లో

ముందు వరసల్లో, హార్మోనియం ఉన్న వైపు కూర్చోండి. వెనక సీట్లు పిల్లలే అడుగుతారు, ఫోన్ చూసుకోవడానికి. ఇక్కడ మాత్రం మీ మాటే చెల్లాలి. దగ్గర నుంచి చూస్తే చెమటకి రంగు కారడం, పద్యం ఎత్తుకునే ముందు నటుడు హార్మోనిస్టు వైపు ఓరగా చూడటం, ఊపిరి పీల్చినప్పుడు భుజకీర్తులు పైకి లేవడం కనిపిస్తాయి.

తెర లేచే ముందు లోపల నటులంతా కలిసి పాడే ప్రార్థన వినపడుతుంది, "పరబ్రహ్మ పరమేశ్వర" అని. దాన్ని రాసింది ఖమ్మం ప్రాంతపు చందాల కేశవదాసు. తొలి తెలుగు టాకీ భక్త ప్రహ్లాదకు పాటలు రాసింది కూడా ఆయనే, అందులో లీలావతి వేషం కట్టింది సురభి కమలాబాయి. సినిమా పిచ్చి ఉన్న పిల్లలకు ఈ ఒక్క ముక్క చెవిలో వేయండి: మన సినిమా స్టేజీ మీద నుంచే నడిచి వెళ్ళింది.

ఒకే నాటకంలో ఇద్దరు ముగ్గురు కృష్ణులు రావడం చూసి పిల్లలు తికమక పడతారు. ముందే చెప్పండి, శయన దృశ్యానికి ఒకరు, రాయబారానికి ఇంకొకరు, ఎవరి పట్టు ఉన్న సీను వాళ్ళది. ఇది పోటీ కూడా. ఏ కృష్ణుడు నచ్చాడో ఇంటర్వెల్లో ఎవరికి వాళ్ళు చెప్పాలి అని పందెం పెట్టండి.

వన్స్ మోర్ అరిచే హక్కు పూర్తిగా వాళ్ళకే ఇచ్చేయండి. మొదట సిగ్గుపడతారు. వెనక వరసలో ఏ పెద్దాయనో లేచి కేక వేస్తే అప్పుడు నవ్వుతారు, ఆ తర్వాత చప్పట్లు కలుపుతారు. వాళ్ళు ఇంట్లో నేర్చుకున్న పద్యం వచ్చినప్పుడు వాళ్ళ వైపు తిరిగి చూడకండి, మీరు చూస్తున్నారని తెలిస్తే బిగుసుకుపోతారు. రీల్ తీసుకుంటానంటే ఒక్క పద్యం తీసుకోనివ్వండి, ఫ్లాష్ వద్దు, మిగతా సేపు ఫోన్ జేబులో. అదీ ముందే అనుకున్న ఒప్పందంలో భాగంగా ఉండాలి, హాల్లో గుసగుసగా తిట్టుకోవడం బాగుండదు.

నాటకం అయ్యాక, స్టేజీ వెనక

తెర పడగానే బయటికి పరుగెత్తకండి. అడిగి స్టేజీ మీదకు వెళ్ళండి. నాటకం వాళ్ళు సాధారణంగా కాదనరు, పిల్లలు వచ్చారంటే సంతోషిస్తారు. పిల్లల్ని ముందు కిరీటం పట్టుకుని చూడమనండి, బంగారంలా మెరిసింది అట్ట, చెమ్కీ, అద్దం ముక్కలు అని చేతికే తెలుస్తుంది. గద ఎంత తేలికో, ఆ తేలిక గదను బరువుగా ఉన్నట్టు ఎత్తడం ఎంత కష్టమో భీముణ్ణే అడగమనండి. నటుల్లో పగలు బ్యాంకులోనో, బడిలోనో పనిచేసేవాళ్ళు ఉంటారు. రంగు తుడుచుకుంటూ అప్పుడే రాజు నుంచి మామూలు మనిషిగా మారుతున్న ఆయనతో రెండు నిమిషాలు మాట్లాడితే పిల్లలకు పుస్తకాల్లో దొరకనిది దొరుకుతుంది. "అంకుల్, మర్చిపోతే ఏం చేస్తారు?" అనే ప్రశ్న ఎప్పుడూ బాగా పనిచేస్తుంది, ప్రతి నటుడి దగ్గరా దానికి ఒక కథ ఉంటుంది.

మగవాళ్ళు ఆడవేషాలు వేయడం గురించి పిల్లలు అడిగితే స్థానం నరసింహారావు పేరు చెప్పండి. సత్యభామగా, మధురవాణిగా ఆయన వేషాలకు జనం విరగబడి వచ్చేవాళ్ళు, 1956లో పద్మశ్రీ వచ్చింది. సురభిలో అయితే ఆడవాళ్ళు మగవేషాలు కూడా కట్టారు. ఈ కాలపు పిల్లలకు ఇది మనకంటే మామూలుగా అర్థమవుతుంది, దాన్ని తమాషాగా మాట్లాడకండి.

తిరుగు దారిలో, ఇంటికెళ్ళాక

"ఏం నేర్చుకున్నావు?" అని మాత్రం అడగొద్దు. "ఎవరు ఓవర్‌గా చేశారు?" అని అడగండి. విమర్శించే అవకాశం ఇస్తే నోరు విప్పుతారు, తిడుతూ తిడుతూనే నచ్చినవి బయటపెడతారు. ద్రౌపదికి డైలాగులే లేవేంటని మీ అమ్మాయి విసుక్కుంటే "పురాణం అంతే" అని కొట్టిపారేయకండి, అది సరైన ప్రశ్న. కులాలను వెక్కిరించే పాత నాటకాల మీద కూడా అడుగుతారు. చింతామణి నాటకంలో సుబ్బిశెట్టి పాత్ర తమను అవమానిస్తోందని ఆర్యవైశ్యులు చాలాకాలం అభ్యంతరం చెప్పారు, 2022లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఆ నాటకాన్ని నిషేధించింది. నిషేధించాలా, మార్చి ఆడాలా, అలాగే ఆడాలా? పదిహేడేళ్ళ పిల్లలతో రాత్రి పదకొండింటికి మాట్లాడదగ్గ విషయం ఇది, మీ అభిప్రాయం వాళ్ళకు నచ్చకపోయినా పర్లేదు.

మర్నాడు ఆదివారమైతే అబిడ్స్ ఫుట్‌పాత్ పుస్తకాల్లో వెతకండి, పాత నాటకాల పుస్తకాలు అప్పుడప్పుడు దొరుకుతాయి. సుల్తాన్ బజార్‌లో 1901లో మొదలైన శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం ఉంది, అదీ చూపించండి. దొరికిన పుస్తకంలోంచి ఒక సీను ఇంటికెళ్ళాక పాత్రలు పంచుకుని చదవండి, పది నిమిషాలు పట్టే సీను చాలు, కన్యాశుల్కంలో గిరీశం, వెంకటేశం మాట్లాడుకునే చోటు అయితే ఇద్దరు పిల్లలకే సరిపోతుంది. తప్పులు దిద్దకండి, నవ్వుతూ చదవనివ్వండి.

ఇంత చేసినా ఇంటర్వెల్లోనే లేచిపోదామన్న పిల్లలు ఉంటారు. అప్పుడు మాట ప్రకారం లేచి రండి, ఐస్‌క్రీమ్ తినిపించండి, ఆ ఊసు అక్కడితో వదిలేయండి. ఆర్నెల్ల తర్వాత వేరే నాటకం పేరు చెప్పి మళ్ళీ ఒకసారి అడగండి, ఈసారి ఏ నాటకమో వాళ్ళనే ఎంచుకోమనండి.